వాయు డిటెక్టర్లపై ఖర్చు వృథా అనే వాదనకు ఖండన

టన్నుల కొద్దీ ద్రవ జినాన్ (ఒక జడవాయువును ద్రవంగా మార్చినది) నింపిన డిటెక్టర్లతో వెతికినా కృష్ణ పదార్థం, అంటే కంటికి కనబడక గురుత్వాకర్షణ ద్వారానే తెలిసే పదార్థం, దొరకలేదు కాబట్టి, గ్రాముల లెక్కన వాయువు పట్టే డిటెక్టర్లు ఏమీ సాధించలేవనీ, అవి రేడియోధార్మికతను పసిగట్టే పాత గైగర్ కౌంటర్లకు కొత్త పేర్లేననీ ఒక వాదన విస్తృతంగా ప్రచారమవుతోంది. ఈ వాదన నిలవదు.

ముందుగా పరిమాణం సంగతి. అమెరికాలో కృష్ణ పదార్థాన్ని వెతికే ఎల్‌జడ్ ప్రయోగంలో దాదాపు 7 టన్నుల జినాన్ పనిచేస్తోంది. ప్రోటాన్ కంటే పదుల రెట్లు బరువైన కణాల అన్వేషణలో ఏ వాయు డిటెక్టరూ దానికి సాటి రాదు. కణం తేలికదైతే మాత్రం లెక్క మారిపోతుంది. ప్రోటాన్ అంత ద్రవ్యరాశి గల కణం సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి సుమారు 500 ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం). అది సూటిగా ఢీకొన్నా జినాన్ కేంద్రకానికి అందులో 3 శాతమే చేరుతుంది, హైడ్రోజన్ కేంద్రకానికైతే దాదాపు అంతా చేరుతుంది. అందుకే న్యూస్-జి బృందం కెనడాలోని భూగర్భ ప్రయోగశాల స్నోలాబ్‌లో, భూమికి 2 కిలోమీటర్ల లోతున, 140 సెంటీమీటర్ల వ్యాసం గల రాగి గోళాన్ని నెలకొల్పి, హైడ్రోజన్ పుష్కలంగా ఉండే మీథేన్ వంటి వాయువులను అందులో వాడుతోంది.

పాత సాంకేతికత అనడం కూడా సరికాదు. గైగర్ కౌంటర్ కణం వచ్చిందని మాత్రమే చెబుతుంది. 1968లో భౌతిక శాస్త్రవేత్త షార్పాక్ రూపొందించిన బహుతంతు గది (అనేక సన్నని తీగలున్న వాయు డిటెక్టర్), 1996 నాటి మైక్రోమెగాస్ (సన్నని లోహపు వల వాడే వాయు డిటెక్టర్) వంటి సాధనాలు ఆ కణం ఎక్కడ, ఎంత శక్తిని వదిలిందో కూడా చెబుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని ఈ వాదన ప్రస్తావించనే లేదు. అది దిశ. సౌరకుటుంబం గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరుగుతూ హంస నక్షత్రమండలం వైపు సాగుతోంది కాబట్టి, కృష్ణ పదార్థ కణాలు ప్రధానంగా ఆ వైపు నుంచే మనకు ఎదురు రావాలి. ఢీకొన్న కేంద్రకం వదిలే జాడ ద్రవ జినాన్‌లో మైక్రోమీటరుకు కూడా చాలదు. తక్కువ పీడనంలోని వాయువులో అదే మిల్లీమీటరు స్థాయికి సాగుతుంది గనుక దాని దిశను కొలవవచ్చు. బ్రిటన్‌లోని బౌల్బీ గనిలో డ్రిఫ్ట్, జపాన్‌లోని కమియోకాలో న్యూఏజ్ ప్రయోగాలు ఈ ఉద్దేశంతోనే మొదలయ్యాయి. ఈ అవసరం ఇప్పుడు మరింత పెరిగింది: సూర్యుడి నుంచి వచ్చే బోరాన్-8 న్యూట్రినోల (పదార్థంతో చాలా అరుదుగా ఢీకొనే తేలికపాటి కణాల) సూచనలను జినాన్ డిటెక్టర్ల బృందాలే 2024లో ప్రకటించాయి, ఆ న్యూట్రినోల తాకిడి కృష్ణ పదార్థపు తాకిడిలాగే కనిపిస్తుంది. సూర్యుడు రాశిచక్రాన్ని వదిలి ఎన్నడూ పోడు, హంస మండలం ఆ దారికి చాలా ఉత్తరాన ఉంది. దిశ తెలిస్తే రెండింటినీ వేరు చేయవచ్చు.

వాయువు పలచగా ఉండడం వల్ల తాకిడులు అరుదు కావడం నిజమైన ఇబ్బందే. అందుకే దిశను కొలిచే డిటెక్టర్లపై పనిచేసే అంతర్జాతీయ సిగ్నస్ బృందం 1000 ఘనమీటర్ల స్థాయి డిటెక్టర్‌ను ప్రతిపాదించింది. ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో సిగ్నో ప్రయోగం హీలియం, కార్బన్ టెట్రాఫ్లోరైడ్ మిశ్రమాన్ని వాతావరణ పీడనంలోనే వాడి, జాడలను కెమెరాలతో చిత్రిస్తోంది. విమర్శించదలచిన వారు ఇంత ఘనపరిమాణాన్ని రేడియోధార్మిక మలినాలు లేకుండా, భరించగల ఖర్చుతో ఎలా నిర్మిస్తారని అడగాలి.