పనిలో పనిగా

ఇంటి మరమ్మతులకు వాస్తవికమైన బడ్జెట్ వేసుకోవాలని ఈమధ్య చాలామంది హితబోధ చేస్తున్నారు. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. నిజమైన లెక్క వేసుకున్నవాడు ఇల్లు బాగుచేయించుకోడు. ఆ అంకె చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కారే కొళాయి కింద బకెట్ పెట్టి కాలం వెళ్లదీస్తాడు. లోకంలో ఇన్ని వంటిళ్లు కొత్తగా మెరుస్తున్నాయంటే, ఇంతమంది మేస్త్రీలకు చేతినిండా పని ఉందంటే, అదంతా మనకు మనం చెప్పుకునే అబద్ధపు లెక్కల చలవే.

నా సంగతే చూడండి. బాత్రూంలో కొళాయి పక్క గోడ చెమ్మగిల్లింది. వెంటనే ఒక పాత కవరు వెనక బడ్జెట్ వేశాను. ప్లంబర్ కూలి, ఒక పైపు ముక్క, నాలుగు టైల్స్. మొత్తం కూడి కింద రెండు గీతలు కూడా గీశాను. రెండు గీతలు పడ్డాక అంకె ఇక కదలదని నా నమ్మకం.

మేస్త్రీ వచ్చాడు. చెమ్మ వైపు చూడనే లేదు. ఎదుటి గోడ దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో ఒక్కో టైల్ మీద కొడుతూ పోయాడు. టక్, టక్, టక్... ఐదో టైల్ దగ్గర చప్పుడు మారింది. "డొల్ల సార్" అన్నాడు, నాడి చూసి పెదవి విరిచే వైద్యుడిలా. సరే, గోడ తెరిచాం. లోపలి ఇనుప పైపు కోసి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. బయటికి బొటనవేలంత లావుంది. లోపల తుప్పు పేరుకుపోయి పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. ఇంతకాలం నీళ్లు సన్నగా వస్తుంటే పైన ట్యాంకును తిట్టుకున్నాను, పాపం.

టైల్స్ కథ వేరు. నాలుగే కావాలన్నాను. ఆ డిజైన్ ఇప్పుడు రావడం లేదన్నారు. వచ్చినా ఒక్కో బ్యాచ్‌కి రంగు కాస్త తేడా ఉంటుంది కాబట్టి, నాలుగు మారిస్తే గోడకు అతుకు వేసినట్టే ఉంటుందట. అంటే మొత్తం గోడ. కోతలకూ పగుళ్లకూ పది శాతం ఎక్కువ కొనాలి, ఐమూలగా పరిస్తే పదిహేను. మేం ఐమూలగానే పరిచాం. వేరే చెప్పాలా?

ఇంటిపనిలో అన్నిటికన్నా ఖరీదైన సామాను పాలరాయి అనుకుంటారు, టేకు అనుకుంటారు. కాదు. 'పనిలో పనిగా' అనే మాట. ఎలాగూ గోడ పగిలింది కదా, పనిలో పనిగా వైరింగ్ మార్చేద్దాం. ఎలాగూ వైర్లు లాగుతున్నారు కదా, ఇంకో రెండు లైట్లు పెట్టిద్దాం. లైట్లు వెలిగాక తలుపు పాతబడింది. నిన్నటిదాకా దానికి ఆ జబ్బు లేదు. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త దిదెరోకి కొత్త గౌను వస్తే, దాని పక్కన గదిలోని సామానంతా వెలవెలబోయి ఒక్కొక్కటే మార్చాల్సి వచ్చిందట. దాని మీద ఆయన ఏకంగా వ్యాసం రాశాడు. మనవాళ్లు 'కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

లెక్క తప్పడం నా ఒక్కడి లోపం కాదని చెప్పడానికి నా దగ్గర పెద్దల సాక్ష్యం ఉంది. సిడ్నీ ఒపెరా హౌస్‌కి మొదట వేసిన అంచనా ఆస్ట్రేలియా డాలర్లలో 70 లక్షలు, గడువు 1963. తీరా 1973లో తలుపులు తెరిచేనాటికి ఖర్చు 10 కోట్ల 20 లక్షలకు చేరింది. ఇప్పుడది ప్రపంచ వారసత్వ సంపద. మా బాత్రూంకి ఆ గౌరవం ఇంకా దక్కలేదు. 2002లో అమెరికాలో వంటగది బాగుచేయించుకున్నవాళ్లను అడిగితే, సగటున 18,658 డాలర్లు అవుతుందనుకున్నారట. అయినవి 38,769. సగటే కావచ్చు గానీ, చివర ఆ యాభై ఎనిమిది చూడండి, తప్పులో ఎంత కచ్చితత్వమో!

ఈ రోగానికి కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. మనిషి తన పని అంతా సాఫీగా సాగినట్టు ఊహించుకుని లెక్క వేస్తాడు తప్ప, అలాంటి పనే చేయించుకున్న పక్కవాళ్లకు ఎంతైందో చూడడట. పక్కవాళ్ల సంగతి మనకెందుకు? వాళ్లు మోసపోయారు. మనం జాగ్రత్తపరులం.

ఊహించని ఖర్చులకని పది నుంచి ఇరవై శాతం, ఇల్లు పాతదైతే ఇంకాస్త, విడిగా పెట్టుకోమంటారు. పెట్టుకున్నాను. మూడో రోజు షోరూంలో గుండ్రటి అద్దం, దాని చుట్టూ వెలుగు చూశాం. అంతకుముందు ఎన్నడూ ఊహించలేదు కాబట్టి అది న్యాయంగా ఊహించని ఖర్చే. ఎస్టిమేట్ అంటే అందాజా, కొటేషన్ అంటే కట్టుబాటు, రెండోదే రాతపూర్వకంగా తీసుకోవాలని ఒక మిత్రుడు చెప్పాడు. మనిషి మంచివాడిలా ఉన్నాడు, కాగితం అడిగితే నొచ్చుకుంటాడని ఊరుకున్నాను. పని సాగినకొద్దీ విడతలుగా ఇవ్వాల్సిన డబ్బులో మూడింట రెండొంతులు మొదటి రోజే ఇచ్చేశాను. నేల మీద టైల్స్ పరిచేముందు ఇరవైనాలుగు గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలన్నారు. మేం చూడలేదు. తర్వాత ఆ పరీక్ష మా కింది ఇంటివాళ్లు తమ సీలింగ్ మీద ఉచితంగా చేసిపెట్టారు. పగిలిన గోడ కూడా ఖర్చు లేకుండా ఇల్లు దాటిపోదని, మట్టికీ రాళ్లకూ బండి కట్టించుకోవాలని ఆఖరి వారంలో తెలిసింది. కవరు మీద దానికి చోటు కూడా లేదు.

అసలు పని మొదలవకముందే ఆ కవరు మీద నా రెండు గీతల కింద మా ఆవిడ ఒక అంకె వేసింది. నాదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. ఇల్లు బాగుచేయించుకున్న నలుగురికి ఫోన్ చేసి, మొదట ఎంతనుకున్నారు, చివరికి ఎంతైంది అని అడిగానంది. "వాళ్ల ఇళ్లు వేరు, మనది వేరు" అని నవ్వాను. మొన్న ఆఖరి బిల్లు కట్టి, రసీదులన్నీ ముందేసుకుని మొత్తం లెక్కేశాను. ఆ అంకెకూ దీనికీ తేడా ఒక సబ్బుపెట్టె ఖరీదు.

ఆమె ఇంతవరకు ఒక్క మాట అనలేదు. కవరు మాత్రం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం పెట్టి ఉంది. వంటింటి గట్టు కాస్త కదులుతోందని, పెద్ద ఖర్చేమీ కాదని నిన్న నేనే అన్నాను. ఆమె లోపలికి వెళ్లి పెన్ను తెచ్చి, తన దగ్గరే పెట్టుకుంది.