రోజుకు ఒక్క శాతం మహాపురుషులు

దేశం బాగుపడాలంటే ముందు మనిషి బాగుపడాలి, మనిషి బాగుపడాలంటే పొద్దున్నే ఐదింటికి లేవాలి. ఈ విషయంలో ఇప్పుడు రెండో మాట లేదు. పంచవర్ష ప్రణాళికల వల్ల కానిది పరగడుపున తాగే గోరువెచ్చటి నీళ్ళ వల్ల అవుతుందని విజ్ఞులు తేల్చేశారు. పెద్ద పెద్ద లక్ష్యాలు అక్కర్లేదు, చిన్న చిన్న అలవాట్లు చాలట. రోజుకు ఒక్క శాతం మెరుగుపడితే ఏడాది తిరిగేసరికి 37 రెట్లు మెరుగవుతాం. ఇది ఉత్త మాట కాదు, లెక్క. అనుమానం ఉంటే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 1.01ని 365 సార్లు హెచ్చవేసి చూసుకోండి, 37.78 వస్తుంది.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక పెద్దమనిషి ఈ లెక్కను నమ్మి ఉగాది నుంచి మెరుగుపడుతున్నారు. ఫ్రిజ్ తలుపుకు గళ్ళ చార్టు ఒకటి అంటించారు. నీళ్ళు, ధ్యానం, నడక, చదువు, కృతజ్ఞత అని అయిదు వరసలు, చేసిన పనికల్లా ఆకుపచ్చ స్కెచ్ పెన్‌తో టిక్కు. ఒక్క శాతం దేంట్లో అన్నది మాత్రం చార్టులో లేదు. షుగర్‌లోనా, సహనంలోనా? నేనూ అడగలేదు. వచ్చే ఉగాదికి ఆయన ముప్ఫై ఏడు మంది పెట్టు అవుతారు కదా, ఆ ఫ్లాటు చూస్తే రెండు పడగ్గదులది. నా బెంగంతా దాని గురించే.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్నది ఈ మార్గంలో మొదటి మంత్రం. అదెక్కడ పుట్టిందో ఎవరికీ పట్టదు. పనీపాటా లేనివాణ్ణి కాబట్టి నేను చెబుతున్నాను. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముక్కులూ మొహాలూ సరిచేసే డాక్టరు. ఆపరేషన్ అయిన మనిషికి అద్దంలో తన కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి, 1960లో పుస్తకంలో రాశాడు. ఆ తర్వాత చేతులు మారుతుంటే దారిలో ఎక్కడో 'కనీసం' రాలిపోయింది, ముక్కూ రాలిపోయింది, 21 మిగిలింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని నెలల తరబడి గమనిస్తే సగటున 66 రోజులని తేలింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంపలేం మునగవని కూడా వాళ్ళే చెప్పారు. వీడియోల్లో ఈ ముక్క వినబడదు. 254 రోజుల కోర్సుకు ఫీజు కట్టేదెవరు?

అయినా మనకీ విద్య కొత్తదేం కాదు. కార్తీకం వచ్చిందంటే వీధికి పది మంది మాల వేసుకుంటారు. మండలం, అంటే 41 రోజులు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, కాళ్ళకు చెప్పుల్లేవు, చాప మీద పడక, మందు లేదు, మాంసం లేదు, ఎదురుపడ్డవాడల్లా స్వామే. ఒక్క మనిషి చేత ఒకేసారి ఇన్ని అలవాట్లు చేయించే కోర్సు ఇంకెక్కడైనా ఉంటుందని నేననుకోను. దీక్ష మీద నాకు పేచీ లేదు, నా పరిశోధనంతా నలభై రెండో రోజు మీదే. కొండకు వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రం వైన్‌షాపు దగ్గర నిలబడి చూస్తే, లండన్ వాళ్ళు 66 అని ఎందుకన్నారో ఇట్టే అర్థమవుతుంది. ఆ 41 రోజులూ స్వామి కంటే ముందే లేచి, తలస్నానం చేసి, మడిగా వండి, పీఠం దగ్గర శుభ్రం చేసి, రాత్రి అల్పాహారానికి ఇడ్లీ వేసే మనిషి ఒకరు అదే ఇంట్లో ఉంటారు. మెడలో మాల లేదు కాబట్టి ఆమెది దీక్ష కింద రాదు. రూలు రూలే.

మెరుగుదల వీడియోల్లో నాకు మహా నచ్చేది ఏంటంటే, ఆ ఇళ్ళల్లో బాదంపప్పు దానంతట అదే నానుతుంది. తొక్క కూడా అదే ఊడదీసుకుంటుంది. పెసలు తమంతట తామే మొలకెత్తి గిన్నెలోకొచ్చి కూర్చుంటాయి. మూడో అంతస్తులోనూ సరిగ్గా ఇలాగే జరుగుతోంది. ఆయన లేచేసరికి రాగి చెంబులో నీళ్ళు, ఐదుంబావుకి నిమ్మరసం తేనె, ధ్యానమూ వాకింగూ అయ్యేసరికి ఉండలు కట్టని రాగిజావ, ఎనిమిదింటికి కొర్రల ఉప్మా. పార్కు గేటు దగ్గర గోధుమగడ్డి రసం, కాకర రసం అమ్మే బండి ఉంది గానీ, బయటవి శుభ్రంగా ఉండవని ఆయన వాదన. అందుచేత ఇప్పుడు బాల్కనీలో ట్రేలలో గోధుమగడ్డి పెరుగుతోంది. అదీ దానంతట అదే.

కొర్రల సంగతి మాత్రం కాస్త కష్టం. రాత్రే నానబోయాలి, లేకపోతే ఆ ఉప్మా నమలడమే ఒక వ్యాయామం. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది, ముందురోజు రాత్రి నానబోసే బాధ్యత ఏ సభ్యదేశానిదో చెప్పలేదు. పిల్లలు కొర్రలు ముట్టరు, వాళ్ళకు దోసెలు. పెద్దావిడకు పళ్ళు లేవు, ఆవిడకు మెత్తటి ఇడ్లీ. ఇంట్లో ఒక మనిషి ఒక్క శాతం మెరుగైతే పొయ్యి మీద రెండు గిన్నెలు పెరిగాయి. ప్రగతి అంటే అదే కదా.

ఇక నడక. రోజుకు పదివేల అడుగులు నడవాలని ఏ వైద్యుడు చెప్పాడని అడగకండి, వైద్యుడెవరూ చెప్పలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. 1965లో యమాసా అనే కంపెనీ నడక కొలిచే యంత్రం ఒకటి చేసి, 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టి అమ్ముకుంది. ఆ అంకె ఇప్పుడు మన చేతి వాచీల్లో కూర్చుంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న పదహారు వేల మందికి పైగా ఆడవాళ్ళను పరిశీలిస్తే, రోజుకు 4,400 అడుగుల దగ్గరే ఆయుష్షులో తేడా కనబడింది. 7,500 దాటాక అదనంగా ఒరిగిందేమీ లేదు. ఇది చెబితే మా పెద్దమనిషి, "వాళ్ళు ముసలమ్మలండీ" అని కొట్టిపారేశారు.

శ్రావణంలో ఆయనకు వైరల్ జ్వరం వచ్చింది. మంచం దిగలేకపోయారు. వాచీలో స్ట్రీక్ అని ఒకటుంటుంది, ఒక్క రోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆయన మూలుగుతూనే వాచీ విప్పి భార్య చేతికి పెట్టారు. "సాయంత్రం కాస్త కాంప్లెక్స్ చుట్టూ తిరిగి రా, నా రోజు పోతుంది" అన్నారు. ఆవిడకు తిరిగే తీరిక దొరకలేదు. వంటింట్లోంచి మంచం దగ్గరికి కషాయం, మంచం దగ్గర్నుంచి బాల్కనీకి తడి తువ్వాళ్ళు, మందుల షాపుకు ఒకసారి, పిల్లల బస్సుకు రెండుసార్లు, పెద్దావిడ పిలిచినప్పుడల్లా ఆ గదికి. సాయంత్రం దీపం పెట్టే వేళకు వాచీ ఉన్నట్టుండి గజగజ వణికి, తెర మీద రంగు కాగితాలు ఎగరేసి, అభినందనలు చెప్పింది. చేతికి చపాతీ పిండి ఉంది. ఆవిడ మోచేత్తో తలుపు తోసుకుంటూ వెళ్ళి వాచీ ఆయనకు చూపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్ట్రీక్ నిలబడింది! జ్వరం తగ్గాక వాచీ వెనక్కి తీసుకుంటూ, "నీకూ ఇలాంటి క్రమశిక్షణ ఉంటే ఎంత బాగుండు" అన్నారట. నిజంగా బాధపడే అన్నారట.

రాత్రి పడుకోబోయే ముందు కృతజ్ఞతల డైరీ. రోజుకు మూడు రాయాలి. ఒక పేజీ ఫొటో తీసి ఆయనే అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు కాబట్టి రహస్యమేం కాదు. సూర్యోదయానికి కృతజ్ఞతలు, వేడినీళ్ళ స్నానానికి కృతజ్ఞతలు, ఈ విశ్వానికి కృతజ్ఞతలు. గీజర్ స్విచ్ వేసింది కూడా విశ్వమేనని ఆయన నమ్మకం. సోనియా ల్యూబోమిర్‌స్కీ అనే అమెరికా ప్రొఫెసర్ బృందం చేసిన ప్రయోగంలో ఇలాంటివి వారానికి ఒకసారి రాసినవాళ్ళే ఎక్కువ సంతోషపడ్డారు. మూడుసార్లు రాసినవాళ్ళకు పెద్ద తేడా ఏమీ రాలేదు. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. తోలు అట్ట డైరీ, ఖరీదైనది.

ప్రభుత్వాలు కూడా ఊరుకోలేదు. ఐక్యరాజ్యసమితి 2012లోనే మార్చి 20ని సంతోష దినం చేసేసింది. మధ్యప్రదేశ్ 2016లో సంతోషానికి ఒక శాఖే పెట్టింది. మన రెండు రాష్ట్రాలూ చెరొకటి పెట్టుకోవడం న్యాయం. సంతోషం నేర్పే తరగతులు ఎవరికి పెట్టాలన్న చిక్కు వస్తుంది గనుక, కేంద్ర గణాంకాల శాఖ వారి 2024 కాల వినియోగ సర్వే ముందుపెట్టుకుని నేనే ఆ చిక్కు విప్పాను. ఇంటి పని చేస్తున్న ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు ఆ పని మీద ఉంటున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. అదీ అసలు చేసే మగవాళ్ళ లెక్క. వాళ్ళు నూటికి 27 మందే.

చిన్న చిన్న పనులు రోజూ తప్పకుండా చేస్తే మనిషి ఎదుగుతాడనే కదా సిద్ధాంతం. వాకిలి చిమ్మడం, పాలు కాచడం, పిండి రుబ్బడం, బట్టలు మడతపెట్టడం. వీటికంటే చిన్నవీ, వీటికంటే తప్పించుకోలేనివీ ఎక్కడున్నాయి? ముప్ఫై ఏళ్ళుగా ఇవి చేస్తున్న ఇల్లాలు రోజుకు ఒక్క శాతం చొప్పున ఈపాటికి ఎన్ని రెట్లు ఎదిగి ఉండాలో లెక్క కట్టాను. రెండు వేసి పక్కన 47 సున్నాలు పెట్టాలి. అంత ఎదిగినవాళ్ళకు మళ్ళీ తరగతులంటే ప్రజాధనం దండగ. శాఖ వారు మిగిలిన 73 మంది సంగతి చూసుకుంటే చాలు.

సిద్ధాంతం సరిపోయిందో లేదో చూసుకుందామని లిఫ్టులో మూడో అంతస్తు ఇల్లాలిని అడిగాను.

"నువ్వేం అలవాటు పెట్టుకున్నావమ్మా?"

"నాకెక్కడ కుదురుతాయి అంకుల్! ఐదున్నర నుంచి ఆయన ధ్యానం. కుక్కర్ విజిల్ వేస్తే ఏకాగ్రత పోతుందంటారు. పిల్లల బస్సేమో ఏడుంబావుకి. అందుకే అన్నం, పప్పు నాలుగున్నరకే పెట్టేస్తున్నా."

"మరి నిద్రో?"

"పదకొండున్నర అవుతుందండీ. కొర్రలు నానబోశాక పడుకుంటా."

లిఫ్టు ఆగింది. పాల ప్యాకెట్లు సర్దుకుని దిగిపోయింది.

ఐదింటికి లేచేవాళ్ళకు మా కాంప్లెక్సులో ఒక క్లబ్బుంది, టీషర్టులున్నాయి, నెలకోసారి సత్కారం ఉంది. నాలుగున్నరకు లేచే మనిషి ఏ జాబితాలోనూ లేకపోవడం బాగాలేదనిపించి, విషయం సంఘం దృష్టికి తెచ్చాను. వాళ్ళు వెంటనే స్పందించారు. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి క్లబ్‌హౌస్‌లో ఆడవాళ్ళకు ప్రత్యేక తరగతి, 'ఇంటి పనుల ఒత్తిడిలోనూ ప్రశాంతంగా ఉండటం ఎలా?' చెప్పేది మూడో అంతస్తు ఆయనే. వచ్చినవాళ్ళందరికీ ఇడ్లీ, చట్నీ ఎవరింట్లో చేయించాలన్నది ఇంకా తేలలేదు గానీ, దగ్గరగా ఉంటుందని ఆవిడ పేరే అనుకుంటున్నారు.