నాలుగు వేల తాతల్లో ఒక్క తాత

తల్లిదండ్రుల్ని ఎంచుకునే వీలు మనిషికి లేదంటారు. తాతల విషయంలో అమెరికా ఆ లోటు తీర్చింది. కాస్త ఓపిక, సంచెడు కాగితాలు, సభ్యత్వ రుసుము ఉంటే చాలు.

1620లో మేఫ్లవర్ అనే ఓడ 102 మంది ప్రయాణికులతో ఇంగ్లండ్ నుంచి వెళ్లి ఇప్పటి మసాచుసెట్స్ తీరం చేరింది. మొదటి చలికాలంలోనే సుమారు సగం మంది పోయారు. ఆ ఓడలో వచ్చినవాళ్ల వారసులమని రుజువు చేసుకునేవారి కోసం 1897లో, వాళ్లు స్థిరపడ్డ ప్లిమత్ ఊళ్లోనే ఒక సంఘం పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. చేరాలంటే మీ దగ్గర్నుంచి ఓడ దాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావు రుజువులు చూపించాలి. కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకి ఈ బాధ అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ సంతకం పెట్టాల్సినవాళ్లంతా ఎప్పుడో చనిపోయారు.

సంఘం పెట్టిన ఆ 1897 కూడా ఊరికే రాలేదు. అప్పట్లో ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి జనం ఓడలకొద్దీ దిగుతున్నారు. జనరల్ బోగీలో ముందు స్టేషన్లో ఎక్కినవాడు తర్వాతి స్టేషన్ వాణ్ణి చూసి తలుపు మూస్తాడు చూడండి, అదీ సంగతి.

'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అని మనకో సామెత ఉంది. మేఫ్లవర్ తాతలు ఓడలో తాగింది బీరు. నాలుగు శతాబ్దాలైనా వాసన పోలేదు.

చిన్న లెక్క. పన్నెండు తరాలు వెనక్కి వెళితే ఎవరికైనా ఆ ఒక్క వరసలోనే 4,096 మంది తాతలు, అవ్వలు తేలతారు. గోడ మీద ఫ్రేము కట్టించుకునేది ఒక్కరికి. మిగతా 4,095 మంది ఏ ఊళ్లో గొర్రెలు కాసుకున్నారో ఎవరికీ పట్టదు. గోత్రం అడిగితే తడుముకోకుండా ఏకంగా ఋషి పేరు చెప్పే మనం నవ్వకూడదు లెండి. మనల్ని కాగితాలు కూడా ఎవరూ అడగరు.

ఆ ఒక్క తాతా ఎలాంటివాడు? జాన్ హౌలాండ్‌ని తీసుకోండి. ప్లిమత్ తొలి గవర్నరు జాన్ కార్వర్ దగ్గర జీతగాడు. తుఫానులో పైకొచ్చి నిలబడ్డాడు. ఓడ ఒక్కసారిగా ఒరిగింది, మనిషి సముద్రంలో పడ్డాడు. అదృష్టం కొద్దీ తెరచాప తాడొకటి నీళ్లలో వేలాడుతోంది. దాన్ని పట్టుకుని, నీళ్ల అడుక్కి వెళ్లినా వదల్లేదు. చివరికి కొక్కెం కర్రతో పైకి లాగారు. తర్వాత తోటి ప్రయాణికురాలు ఎలిజబెత్ టిల్లీని పెళ్లాడి పదిమంది పిల్లల్ని కన్నాడు. తండ్రీ కొడుకులు బుష్‌లిద్దరూ ఆ వంశమే. ఒక తాడు, ఇద్దరు ప్రెసిడెంట్లు. పాపం, ఆ తాడు పేరిట ఇంతవరకూ ఏ సంఘమూ లేదు.

బిల్లింగ్టన్ కుటుంబానిది ఇంకో దారి. ఓడ ఇంకా తీరంలో ఉండగానే కొడుకు మందుగుండు పీపా పక్కనే తుపాకీ పేల్చాడు. తండ్రి జాన్ హత్య చేసి 1630లో ఉరికంబం ఎక్కాడు. ప్రెసిడెంట్ గార్ఫీల్డ్ వీళ్ల వారసుడే. ఈ వంశం వాళ్లకీ సభ్యత్వం ఉంది, ఎవరూ మొహం చిట్లించరు. నేరం ఆవకాయ లాంటిది కాబోలు, కొత్తలో ఘాటు, ఊరేకొద్దీ రుచి.

సరైన తాత దొరకనివాళ్లు ఏం చేయాలి? వాళ్ల కోసమే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుస్తావ్ ఆంజూ ఉండేవాడు. డబ్బున్నవాళ్లకి కోరిన వంశవృక్షం తయారుచేసి ఇచ్చేవాడు. స్వీడన్‌లో ఫోర్జరీ కేసులో జైలుకెళ్లి వచ్చిన మనిషి. 'ఆంజూ' కూడా భార్య పుట్టింటి పేరు. వృత్తిలో ఇంత నిజాయితీ అరుదు: ముందు తన వంశం మీదే ప్రయోగం చేసుకున్నాడు.

ముందొచ్చినవాళ్లకే గౌరవమంటే ఇంకో ఓడ సంగతీ చూడాలి. మేఫ్లవర్ కంటే ఏడాది ముందు, 1619 ఆగస్టులో, ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లని బందీలుగా తెచ్చి వర్జీనియా తీరంలో దించారు. ఆ తర్వాత బానిసలుగా బతికినవాళ్ల వారసులు ఇప్పుడు కాగితాలు వెతికితే, చాలామందికి దారి 1870 జనాభా లెక్కల దగ్గరే ఆగిపోతుంది. 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద ఒక్కో గీతకి ఒక్కో మనిషి: 30, మగ, నలుపు. 8, ఆడ, నలుపు. అంతే.

సంఘం దరఖాస్తులో అడిగేది తాత పేరు.