షాపులో మెరిసిన టీవీ ఇంట్లో కళ్ళలో పొడుస్తుంటే: ఒక మెసేజ్‌కు జవాబు

విశాఖలోని మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ నెలలో ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. టీవీ కొనేవాళ్ళకు అందులో ఐదు సలహాలున్నాయి. షాపులో అన్నిటికంటే వెలుగ్గా కనిపించేదే కొనాలట, ఇంట్లో కూడా రంగులు, వెలుగు బాగా పెంచే వివిడ్ మోడ్‌లోనే ఉంచాలట. క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అనే తెర రకాలు రెండూ ఒకటే కాబట్టి చవకైనది తీసుకోవాలట. 4కే టీవీ కొంటే ప్రతి చానలూ 4కేలో కనిపిస్తుందట. బంగారు పూత ఉన్న ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే బొమ్మ మెరుగవుతుందట. 43 అంగుళాలు దాటితే కళ్ళు పాడవుతాయట.

గాజువాకలో ఉండే మా చిన్నాన్న 55 అంగుళాల టీవీ కొన్న వారానికి ఈ మెసేజ్ ఆయనకూ చేరింది. మొదటి సలహా చదివి వివిడ్ పెట్టుకున్నారు, చివరి సలహా చదివి టెన్షన్ పడ్డారు. ఆదివారం నేను వెళ్తే, "ఏట్రా ఇది, బొమ్మ కళ్ళలో పొడుస్తోంది. డబ్బులు తగలేశానా?" అని అడిగారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇష్టపడి కొనుక్కున్న టీవీ అది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ఐదింటిలో ఎక్కువ నష్టం చేసేది మొదటిదే. డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో షోరూముకు వెళ్ళండి. తల మీద వరసగా లైట్లు, గోడ నిండా టీవీలు. అంత వెలుతురులో పక్కపక్కన ఉన్న రెండు బొమ్మల్లో ఎక్కువ వెలుగుతో, కొంచెం నీలంగా ఉన్నదే మన కంటికి బాగున్నట్టు తోస్తుంది. అందుకోసమే కంపెనీలు టీవీలో షాపు మోడ్ పెడతాయి, అందులో బొమ్మ వివిడ్ లాగే ఉంటుంది. రాత్రి ఇంట్లో ఒక్క లైటు వేసుకుని అదే మోడ్‌లో చూస్తే తెల్లచొక్కా నీలంగా, ముఖాలు కందిపోయినట్టు కనిపిస్తాయి. పీఎం పాలెం స్టేడియంలో కూర్చుని మ్యాచ్ చూసినవాళ్ళకు ఆ గడ్డి అసలు రంగు తెలుసు. వివిడ్‌లో ఆ గడ్డి మీద ఎవరో రంగు పులిమినట్టుంటుంది.

టీవీకి, ఓటీటీకి వెళ్ళే వీడియోకు రంగులు దిద్దేవాళ్ళు తెలుపును 6500 కెల్విన్ (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలత) దగ్గర సరిచేసిన మానిటర్ మీద పని చేస్తారు. మన టీవీల్లో సినిమా, మూవీ, ఫిల్మ్‌మేకర్ అనే పేర్లతో ఉండే మోడ్ దానికి దగ్గరగా ఉంటుంది. మొదట పసుపుగా, నీరసంగా అనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టండి, కన్ను అలవాటు పడుతుంది. ఆ తర్వాత వివిడ్‌కు వెళ్తే మీకే తెలుస్తుంది. ఇంకా కళ్ళలో పొడుస్తుంటే తెర వెలుగును మార్చే ‘బ్యాక్‌లైట్’ తగ్గించండి. చాలా టీవీల్లో ‘బ్రైట్‌నెస్’ అనేది నలుపు ఎంత నల్లగా ఉండాలో మార్చే మీట. దాన్ని బాగా తగ్గిస్తే చీకటి సీన్లలో మనుషులు మాయమవుతారు. ‘షార్ప్‌నెస్’ ఎక్కువ పెడితే అంచుల చుట్టూ లేని తెల్ల గీతలు వస్తాయి, దాన్ని బాగా కిందకి దించండి.

ఇంకొకటి, మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్య సొంతంగా ఫ్రేములు తయారుచేసి నింపితే పెద్ద సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. 2018లో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ ఒక వీడియో పెట్టి మరీ దీన్ని ఆపేయమని ప్రేక్షకులను కోరాడు. క్రికెట్‌కు కొంచెం ఉంచుకుంటానంటే నేను వాదించను.

వెలుగు అసలే అక్కర్లేదని నేననడం లేదు. మనకు సముద్రం తూర్పున ఉంది. లాసన్స్ బే కాలనీలోనో బీచ్ రోడ్డులోనో తూర్పు బాల్కనీ ఉన్న హాల్లో పొద్దున్నే ఎండ నేరుగా లోపలికి వస్తుంది. అక్కడ వెలుగు ఎక్కువున్న టీవీ పనికొస్తుంది. కానీ ముందు టీవీని బాల్కనీకి ఎదురు గోడ నుంచి తీసి పక్క గోడకు పెట్టండి, ఒక మందపాటి కర్టెన్ వేయండి. అద్దంలా మెరిసే తెర మీద బాల్కనీయే కనిపిస్తుంటే ఎంత వెలుగున్నా ఏం లాభం?

క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ ఒకటే అనడం పూర్తిగా తప్పు. క్యూఎల్‌ఈడీ అంటే వెనక లైటుండే మామూలు ఎల్‌సీడీయే, రంగుల కోసం మధ్యలో క్వాంటమ్ డాట్లనే అతి సూక్ష్మ కణాల పొర ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా (పిక్సెల్) దానంతటదే వెలిగి, దానంతటదే ఆరుతుంది. అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. అయితే పొద్దున లేచింది మొదలు న్యూస్ చానల్ నడిచే ఇంట్లో ఓఎల్‌ఈడీ కొనమని నేను చెప్పను. కదలని లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ గంటల తరబడి అదే చోట ఉంటే, ఏళ్ళు గడిచేకొద్దీ వాటి మచ్చ తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఎల్‌సీడీల్లోనూ రెండు రకాలున్నాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది, ఐపీఎస్‌లో పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. షాపులో నాలుగడుగులు పక్కకు జరిగి చూడండి. హాల్లో దివాన్ పక్కగా వేసుకున్నవాళ్ళకు ఇది ముఖ్యం.

4కే మాటకు లెక్కే జవాబు. ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కాని మామూలు చానల్ బొమ్మ 720×576, అంటే 4,14,720 చుక్కలు. 4కే తెర 3840×2160, అంటే 82,94,400. సరిగ్గా 20 రెట్లు. వచ్చేది ఒక్క చుక్క, మిగతా 19 టీవీ ఊహించి వేసుకోవాలి. ఎంత ఖరీదైన టీవీ అయినా లేని వివరాన్ని పుట్టించలేదు. పెద్ద తెర మీద సీరియల్ మసకగా ఉందంటే చాలాసార్లు కారణం టీవీ కాదు, మీరు తీసుకున్న చానళ్ళ ప్యాకే. హెచ్‌డీ ప్యాక్ తీసుకుంటే తేడా ఆ రోజే కనిపిస్తుంది.

కేబుల్ విషయం చిన్నదే. హెచ్‌డీఎంఐ డిజిటల్. సిగ్నల్ పూర్తిగా అందితే బొమ్మ అదే, అందకపోతే చుక్కలు మెరుస్తాయి, తెర ఆగి ఆగి వస్తుంది. బంగారు పూత వల్ల రంగులు మెరుగుపడవు. 4కేలో సినిమాలు, చానళ్ళు చూడటానికి సెకనుకు 18 గిగాబిట్లు మోసే కేబుల్ చాలు.

ఇక కళ్ళు. పెద్ద తెర వల్ల చూపు పోదు. చీకటి గదిలో వెలుగు మరీ ఎక్కువైతే కళ్ళు అలసిపోతాయి, అంతే. సైజుకు కొలత కావాలంటే సోఫా నుంచి గోడకు దూరం అంగుళాల్లో కొలిచి 1.6తో భాగించండి. చిన్నాన్న హాల్లో 8 అడుగులు, అంటే 96 అంగుళాలు. భాగిస్తే 60 వచ్చింది. ఆయన కొన్న 55 దానికి దగ్గరగానే ఉందని, బాగానే కుదిరిందని టేపు పట్టి చూపించాను. మోడ్ మార్చి, బ్యాక్‌లైట్ సగానికి దించి, హెచ్‌డీ ప్యాక్ నంబరు కాగితం మీద రాసిచ్చి వచ్చాను.