అర సెకను మించిన నిశ్శబ్దం నిషిద్ధం

మనుషులు మాట్లాడుకునేటప్పుడు మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటారన్న దుర్వార్త పాడ్‌కాస్ట్ లోకానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిసిన మరుక్షణం నివారణ చర్యలు మొదలయ్యాయి. తామే ప్రశ్నలడిగి, తామే రికార్డు చేసి, తామే కోసి అతికించి, తామే ఊరంతా చాటింపు వేసుకునే ఏకవ్యక్తి పాడ్‌కాస్టర్లకు దారి చూపిస్తానని వెలసిన ఒక తెలుగు సృష్టికర్త ఈ మధ్య ‘ముందు–తర్వాత’ అనే పేరుతో ఒక ప్రదర్శన వీడియో వదిలారు. మొదటి సగంలో మంగళగిరి వైపు ఒక వృద్ధ చేనేత కార్మికుడితో తాను జరిపిన సంభాషణలోని భాగాన్ని ఉన్నదున్నట్టుగా వినిపించారు. రెండో సగంలో, నిశ్శబ్దాలను తొలగించే మీట నొక్కాక ఆ సంభాషణ ఎంత చురుగ్గా తయారైందో వినిపించారు. మొత్తం 61 నిమిషాల ముచ్చట 43 నిమిషాలకు దిగివచ్చిందనీ, 18 నిమిషాల చెత్త ఒక్క నొక్కుతో వదిలిపోయిందనీ నవ్వుతూ ప్రకటించి, ఈ విద్య నేర్చుకోదలచినవారు రుసుము చెల్లించి తమ తరగతిలో చేరవచ్చునని సెలవిచ్చారు.

వారి యోగ్యతను శంకించే ధైర్యం నాకు లేదు. బ్రహ్మదేవుడు నాలుగు తలలు పెట్టుకొని కూడా సృష్టి ఒక్కటే చూసుకున్నాడు, పోషణ విష్ణువుకు అప్పగించాడు, లయం శివుడికి వదిలేశాడు. మన సృష్టికర్త ఆ మూడు శాఖలనూ తన దగ్గరే ఉంచుకొని, మధ్యలో తీరిక చేసుకుని థంబ్‌నెయిల్‌లో తన ముఖం చుట్టూ పచ్చగీత కూడా గీసుకుంటారు. పూర్వం పరిస్థితి ఇలా ఉండేది కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అలాంటి చోట ఒక అరగంట కార్యక్రమం శ్రోతల చెవిన పడాలంటే రాసేవారు, చదివేవారు, చదివింది సరిగా ఉందో లేదో వినేవారు, మీటల దగ్గర ఇంజినీరు, అనౌన్సరు, నిలయ విద్వాంసులు, వీరందరి సంతకాలు దాఖలు చేసే గుమాస్తా కావలసివచ్చేది. ఇప్పుడు వీరందరి పనినీ ఒక లాప్‌టాప్ ముందు కూర్చున్న ఒక్క మనిషి చేస్తున్నాడు. ఇది నిజంగా గొప్ప సంగతే. శబ్దాన్ని రికార్డు చేసి, కోసి అతికించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరం నుంచి ఉచితంగా దొరుకుతోంది. 2005 జూన్‌లో యాపిల్ సంస్థ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చినప్పటి నుంచి, స్టేషన్ డైరెక్టరు దయ లేకుండానే ఎవరి గొంతైనా ఎక్కడికైనా చేరుతోంది. ప్రతిధ్వని పోవడానికి స్టూడియో కట్టనక్కర్లేదు, బట్టలు కుక్కిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుంటే చాలు. 128 కిలోబిట్ల ఎంపీత్రీలో నిమిషం మాటకు సుమారు ఒక మెగాబైటు ఖర్చవుతుంది. శబ్దస్థాయిని యాపిల్ వారు కోరే మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతను కొలిచే ప్రమాణం) దగ్గర నిలబెడితే, బస్సులో వినేవాడు మాటిమాటికీ వాల్యూమ్ పెంచుకోనక్కర్లేదు. నాలుగు ఎపిసోడ్లు ఒకే పూట రికార్డు చేసుకుంటే నెల గడుస్తుంది. వీటిలో దేనితోనూ నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ 18 నిమిషాలతోనే.

రికార్డింగు పని తెలిసినవారు సంభాషణకు ముందో వెనకో అందరినీ కాసేపు కదలకుండా కూర్చోబెట్టి, ఎవరూ మాట్లాడని ఆ గది చప్పుడును అర నిమిషం పాటు విడిగా రికార్డు చేసి ఉంచుకుంటారు. ప్రతి గదికీ తనదైన హోరు ఒకటి ఉంటుంది. ఫ్యాను, వీధి మలుపు తిరిగే ఆటో, గోడ అవతల కుక్కరు కలిసి చేసే ఆ హోరు, కోసి అతికించిన రెండు వాక్యాల మధ్య ఉన్నట్టుండి ఆగిపోతే వినేవాడి చెవి వెంటనే పట్టేస్తుంది. అందుకే అతుకు కింద ఆ ఖాళీ చప్పుడును పరుస్తారు. అంటే ఎవరూ మాట్లాడని సమయం కూడా రికార్డు చేసి దాచుకోవలసిన సరుకేనని ఈ వృత్తిలో పాతవారికి తెలుసు. మన సృష్టికర్త సాఫ్ట్‌వేరుకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆడాసిటీలోనే, మనం వేరే అంకె ఇవ్వకపోతే, అర సెకను మించిన ప్రతి విరామాన్నీ అర సెకనుకు కుదించే సదుపాయం ఒకటి ఉంది. అర సెకనులో మనిషి రెప్ప వేయగలడు; ఆలోచించాలంటే అనుమతి తీసుకోవాలి.

దీనికి తోబుట్టువు ఇంకొకటి ఉంది. మాటల నడుమ దొర్లే అనవసరపు చప్పుళ్లను ఏరిపారేసే యంత్రం అది. ఇంగ్లీషువారి తడబాట్ల మీద శిక్షణ పొందిన ఆ యంత్రాన్ని తెలుగు మీదికి తోలితే ఏమవుతుందో ఊహించండి. “మీ నాన్నగారు అప్పు తీర్చేశారా?” అని అడుగుతారు. అతిథి నిజాయితీగా “ఊఁ” అంటాడు. యంత్రం దాన్ని తుడిచేస్తుంది. అతిథి జవాబు చెప్పకుండా తప్పించుకున్నాడని కింద వ్యాఖ్యలు పడతాయి. పిల్లవాడు ఊఁ కొట్టడం ఆపితే నిద్రపోయాడని కథ ఆపేసిన అమ్మమ్మలు ఈ ఏర్పాటులో కథ మొదలే పెట్టలేరు.

సమర్థతను ఇంటర్వ్యూల దగ్గరే ఆపేయడం అన్యాయం గనుక, దీన్ని బుర్రకథకు వర్తింపజేసి చూద్దాం. మధ్యలో భుజాన తంబుర, వేలికి అందెలతో కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, వారిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. మూడు భోజనాలు, మూడు బస్సు టిక్కెట్లు, మూడు తలపాగాలు. ఏకవ్యక్తి నిపుణుడికి ఇక్కడే కళ్లు తిరుగుతాయి. వంతలిద్దరినీ వెంటనే ఇంటికి పంపేస్తాడు. వారి గొంతులకు యంత్రంలో నకలు తీసి, ‘తందాన తాన’ను ఒక్కసారి పలికించి, కావలసిన చోటల్లా అతికిస్తాడు. మరుసటి దశలో అదే యంత్రం ఒకే మాట వందల సార్లు వస్తోందని కనిపెట్టి, పునరుక్తి దోషం కింద అన్నింటినీ తీసేస్తుంది. తంబుర శ్రుతి ఎడతెగకుండా వినిపిస్తోంది గనుక అది ఫ్యాను చప్పుడని తేల్చి తుడిచేస్తుంది. గుమ్మెట దెబ్బలను ఎవరో తలుపు బాదుతున్నారని భావించి అణిచేస్తుంది. హాస్యం చెప్పే వంత ఊరి సర్పంచి మీద వేసిన విసురు విషయానికి సంబంధం లేనిదిగా నమోదై ఎగిరిపోతుంది.

ఇక కథలోకి వద్దాం. పల్నాడులో నాగమ్మ పుంజుకూ, బ్రహ్మనాయుడి పుంజుకూ పందెం. బరి చుట్టూ జనం ఊపిరి బిగబట్టారని చెప్పి కథకుడు ఆగుతాడు. వినే జనం కూడా ఊపిరి బిగబడతారు. ఆ ఆగడం పోయింది గనుక పుంజులు రెండూ జనం చేరకముందే కొట్టేసుకుంటాయి. ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు వలస పోవాలి. ఆ ఏడేళ్లలో చెప్పుకోదగ్గ సంభాషణ లేదు గనుక వలస మొత్తం అర సెకనుకు కుదించబడుతుంది. నాగులేరు ఇంకా కనబడకముందే కారంపూడి యుద్ధం ముగుస్తుంది. రాత్రంతా నడవవలసిన కథ తొమ్మిది నిమిషాల్లో తెమిలాక, దాన్ని ముప్పై తునకలు చేసి రోజుకొకటి వదలాలి: “పందెంలో బ్రహ్మనాయుడు చేసిన 5 తప్పులు, మూడోది మీరూ చేస్తున్నారు”, “బాలచంద్రుడి ఉదయపు దినచర్య”, “నాగమ్మ నుంచి మహిళా పారిశ్రామికవేత్తలు నేర్చుకోవలసినది”. నడుమ ఈ యుద్ధాన్ని మీకు సమర్పిస్తున్నవారు ఒక పరుపుల కంపెనీ. భర్తను యుద్ధానికి సాగనంపే మాంచాల ఘట్టంలో కథకుడికి గొంతు పూడుకుపోయి మాట రాకపోతే, తెర మీద ఎర్రటి గుర్తు పడి, ఆడియోలో లోపం ఉంది, సరిచేయమంటారా అని యంత్రం వినయంగా అడుగుతుంది.

ఇంత కష్టపడి పెంచుకునే శ్రోతల సంఖ్య సంగతి కూడా చూడాలి. పరిశ్రమ పాటించే కొలమానం ప్రకారం ఒక నిమిషం ఆడియో ఫోనులోకి దిగితే ఒక డౌన్‌లోడు లెక్క. వినడం ఐచ్ఛికం. 2023 సెప్టెంబరులో యాపిల్ తన ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 17 సాఫ్ట్‌వేరు తెచ్చి, ఎవరూ వినని ఎపిసోడ్లను ఫోను తనంతట తాను దింపుకునే అలవాటును కాస్త తగ్గించింది. దాంతో అనేక పాడ్‌కాస్టుల డౌన్‌లోడ్లు పడిపోయాయి. ఒక్క శ్రోత కూడా తగ్గలేదు. ఎన్నడూ లేని శ్రోతలు లేకుండా పోయారు, అంతే. మిగిలిన అసలు శ్రోతలు మాత్రం తక్కువ తిన్నారా? విరామాలను కుదించే మీట వారి యాప్‌లో కూడా ఉంది, వేగాన్ని రెట్టింపు చేసే మీట దాని పక్కనే ఉంది. చెప్పేవాడు తన వైపు నుంచి కోస్తాడు, వినేవాడు తన వైపు నుంచి కోస్తాడు. ఇద్దరికీ సమయం ఆదా అవుతుంది, ఆ ఆదా అయిన సమయంలో ఇద్దరూ మరో రెండు పాడ్‌కాస్టులను ఇలాగే గడుపుకుంటారు.

అన్నిటికంటే చిత్రమైనది మరొకటి. 2024 సెప్టెంబరులో గూగుల్ సంస్థ తన నోట్‌బుక్‌ఎల్‌ఎం అనే కృత్రిమ మేధ సాధనంలో ఒక సదుపాయం పెట్టింది. ఏదైనా పత్రం ఇస్తే, లోకంలో లేని ఇద్దరు మనుషులు దాని గురించి పాడ్‌కాస్టులాగా మాట్లాడుకుంటారు. వినేవారికి నమ్మకం కలగడానికి ఆ యంత్రపు గొంతుల్లో తడబాట్లను, మధ్యలో అందుకునే ఊఁలను, ఆగడాలను ఇంజినీర్లు పనిగట్టుకొని చేర్చారు. ఇక్కడ ఊపిరితిత్తులున్నవాడి ఊపిరి కోసేస్తున్నాం, అక్కడ ఊపిరితిత్తులు లేనిదానికి ఊపిరి అతికిస్తున్నాం. ఈ రెండు పనులనూ ఒకే మనిషి, ఒకే లాప్‌టాప్ మీద, ఒకే సాయంత్రం చేయగలడు.

ఇక ఆ ప్రదర్శన వీడియోకు వస్తాను, ఇంతసేపూ రాకుండా తిరిగింది దానికోసమే గనుక. అందులో మన సృష్టికర్త, “మీ తర్వాత ఈ మగ్గం మీద ఎవరు కూర్చుంటారండీ?” అని అడుగుతారు. ‘తర్వాత’ భాగంలో ప్రశ్న ముగిసీ ముగియకముందే, క్విజ్ పోటీలో గంట కొట్టినట్టుగా, “ఎవరూ కూర్చోరు బాబూ” అని జవాబు వస్తుంది. ‘ముందు’ భాగంలో ఆ రెండింటి నడుమ 11 సెకన్లు ఉన్నాయి. పెద్దాయన ఏదో అనబోయి మానుకోవడం వినిపిస్తుంది. మళ్లీ మొదలుపెట్టబోయి మళ్లీ మానుకుంటాడు. ఆ తర్వాత ఆ మూడు మాటలు అంటాడు. సాఫ్ట్‌వేరు ఆ 11 సెకన్లకు ఎర్రరంగు పూసింది. మన సృష్టికర్త ఆ ఎర్రరంగు మీద బాణం గుర్తు పెట్టి, “చూశారా, ఇక్కడే శ్రోత జారిపోయేది” అని విద్యార్థులకు వివరించారు.

అయ్యా, అక్కడ జారిపోతున్నది శ్రోత కాదు. జీవితకాలం నిజాం అంచు చీరలు నేసిన మనిషి, తన చేతిలోని పని తనతోనే ఆగిపోతుందని బయటివాడి ముందు మొదటిసారి ఒప్పుకుంటున్నాడు. ఆ ముసలాయన మీకిచ్చిన గంటలో అసలైనది ఆ 11 సెకన్లే. మిగతావన్నీ ఏ చేనేత సహకార సంఘం కరపత్రంలోనైనా దొరికే సంగతులు. దాన్ని మీరు చెత్త అన్నారు. చెత్త అని ఊరుకోలేదు, దాన్ని ఎలా పారేయాలో నేర్పడానికి డబ్బు వసూలు చేస్తున్నారు. ఆయన గొంతు ఆగిన చోటును మీ సరుకుకు ప్రకటన చేసుకున్నారు. సిగ్గనిపించలేదా? ఎదుటి మనిషి మాట రాక ఆగిపోతే, తల వంచుకొని కూర్చోవాలని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?

రికార్డింగులో చప్పుడు పడకూడదని గుంట మగ్గం ఆపించామనీ, పక్కింట్లో రెండు మగ్గాలు కూడా ఆపించామనీ, మైకులు అమర్చడంతో కలిపి ఆ పూట మొత్తం పట్టిందనీ అదే వీడియోలో వారే గొప్పగా చెప్పుకున్నారు. ఏకవ్యక్తి పాడ్‌కాస్టట! మూడు మగ్గాలు ఆగాయి, కండెలు చుట్టే ఆడవాళ్లు చేతులు కట్టుకొని కూర్చున్నారు, పడుగు అలాగే ఉంది, పేక పడలేదు. నేతపనిలో నెలజీతం ఉండదు, నేసినదానికే కూలి. మీ సమర్థతా పట్టికలో మీకు మిగిలిన 18 నిమిషాలకు ఒక గడి ఉంది. వారికి పోయిన పూటకు గడి లేదు. అతిథికి దక్కేది ‘ప్రచారం’ అని మీ తరగతిలో చెబుతారట. తన తర్వాత మగ్గం ఎక్కేవాడే లేడన్న మనిషి ఆ ప్రచారాన్ని ఏం చేసుకోవాలి?

కాబట్టి సృష్టికర్తగారికి వారి భాషలోనే ఒక సూచన చేస్తున్నాను. మంగళగిరిలో ఒక చీరకు కూలి ఎంతో, ఒక పూటలో ఎంత నేత పడుతుందో కనుక్కోండి. దాన్ని మూడు మగ్గాలతో గుణించండి, కండెలు చుట్టినవారి కూలి విడిగా కలపండి, వచ్చిన మొత్తాన్ని ఆ మూడు ఇళ్లకూ ఫోన్‌పేలో పంపండి. నిమిషం కూడా పట్టదు. మీకు మిగిలిన 18 నిమిషాల్లోంచి అది తీసేసినా ఇంకా 17 ఉంటాయి.