బడి గంట ముందుగా మోగాలి

వరద తీసిన ఊరిలోనైనా, బాంబులు పడిన వీధిలోనైనా అధికారులు ముందుగా లెక్కగట్టేది కూలిన ఇళ్లను, తెగిన వంతెనలను. శిబిరంలో ఓ మూల కూర్చుని చెక్కముక్కలతో ఇల్లు కట్టి, చేత్తో కూల్చి, మళ్లీ కట్టి, మళ్లీ కూల్చే ఐదేళ్ల బిడ్డ ఏ జాబితాకూ ఎక్కడు. ఆడుకుంటున్నాడులే అనుకుని పెద్దలు వెళ్లిపోతారు. నోటితో చెప్పలేని భయాన్ని ఆ వయసు పిల్లలు ఆటలోనే చెప్పుకుంటారు. ఎప్పుడో మానేసిన పక్క తడిపే అలవాటు తిరిగి రావడం, తల్లి కొంగు వదలకపోవడం, చెప్పులతోనే పడుకుంటానని పట్టుబట్టడం చూసి మొండితనమని కసురుకోవడం అన్యాయం. రాత్రికి మళ్లీ పరుగెత్తాల్సి వస్తుందేమోనని ఆ పసిమనసు సిద్ధంగా ఉంటోంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో పసిపిల్లల ఆశ్రయ కేంద్రాలు నడిపిన అనా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ ఒక సంగతి గమనించారు. బాంబుల మోత కంటే తల్లికి దూరం కావడమే చాలామంది పిల్లలను ఎక్కువగా కుంగదీసింది. చోటు చాలదని అన్నాచెల్లెళ్లను తలో శిబిరానికి పంపే ముందు అధికారులు దీన్ని తలచుకోవాలి. తల్లే కుప్పకూలిపోతే బిడ్డకు ధైర్యం ఎవరిస్తారు? ఆమెకు కంటినిండా నిద్ర, తప్పిపోయిన భర్త గురించి నిజమైన కబురు అందించడం కూడా బిడ్డకు చేసే వైద్యమే.

రెండో మందు బడి. హాజరు పిలిచే గొంతు, పక్కన కూర్చునే స్నేహితుడు, ఆటల వేళ, రేపటికి ఇచ్చిన లెక్క. రేపు అనేది ఒకటి ఉందని పిల్లలు నమ్మేది వీటివల్లనే. బడి భవనంలో నిరాశ్రయులు తలదాచుకుంటే చెట్టు కిందనైనా పాఠం మొదలవ్వాలి. చాలామంది పిల్లలు ఈ ఆసరాతోనే కోలుకుంటారు. నెల దాటినా పీడకలలు తగ్గక, ఎవరితోనూ పలకకుండా ముడుచుకుపోయే పిల్లలకు నిపుణుల చికిత్స తప్పనిసరి. వారిని గుర్తుపట్టే శిక్షణ ఉపాధ్యాయులకు ఇవ్వాలి.

‘ఆ రోజు ఏం జరిగిందో చెప్పు’ అని గుచ్చి గుచ్చి అడగడం మాత్రం మానాలి. విపత్తు జరిగిన వెంటనే బాధితుల చేత జరిగినదంతా చెప్పించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. బిడ్డ తానై నోరు విప్పిన రోజున ఓపికగా వినే మనిషి పక్కన ఉంటే చాలు. ఈ మాట అనేటప్పుడు మా వృత్తిని మినహాయించుకోలేం. ఏడుస్తున్న పిల్లల ముఖాల ముందు కెమెరా పెట్టిన పాపంలో పత్రికలకూ టీవీలకూ వాటా ఉంది.

యుద్ధ బాధిత బాలల మనసు కోలుకునేలా చూడటం ప్రభుత్వాల బాధ్యతని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 39వ అధికరణం చెబుతోంది. సంతకాలు చేసిన దేశాలు సహాయ నిధుల్లో దానికంటూ ఒక పద్దు చూపించాలి. బియ్యం, గుడారాలు మోసుకెళ్లే తొలి లారీలోనే నోటుపుస్తకాలు, రంగు పెన్సిళ్లు, నాలుగు బంతులు కూడా ఎక్కాలి.