ఉచిత రక్షణపై మా అభ్యంతరాలు

పాపాల నుంచి రక్షణ ఉచితమని బహిరంగంగా చెప్పడం ఇకనైనా మానేయాలని ఒడిశాలోని కొరాపుట్ జిల్లా తెలుగు విశ్వాసుల తరఫున మనవి చేస్తున్నాను. నన్నెవరూ ఎన్నుకోలేదు. కానీ ఆదివారం జయపురంలో చర్చి ముందు ఆగే కార్లు చూస్తే, ఈ బాధ్యత ఎవరో ఒకరు నెత్తినేసుకోక తప్పదనిపిస్తుంది.

బైబిల్లో ఎఫెసీయులకు పౌలు గారు రాసింది మీకు తెలిసిందే. కృపచేతనే రక్షణ, అది దేవుని వరం, క్రియల వల్ల వచ్చింది కాదు, కాబట్టి ఎవడూ గొప్పలు చెప్పుకోవడానికి వీల్లేదు. మొదటి మూడింటితో ఎలాగో సర్దుకుపోతాం. నాలుగోదే మింగుడు పడటం లేదు. గొప్పలు చెప్పకూడదంటే, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల కూడికలో మైకు ఎవరికిస్తాం? స్థలం ఎంతకు కొన్నదీ, ఇప్పుడెంత పలుకుతున్నదీ, అబ్బాయికి భువనేశ్వర్‌లో ఫ్లాట్ ఎలా కుదిరిందీ తీసేస్తే మిగిలేది ‘ప్రైజ్ ద లార్డ్’ ఒక్కటే. దానికి కుర్చీలూ షామియానా ఎందుకు?

యేసు ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం మరీ అన్యాయం. తెల్లారగట్ల వచ్చినవాడికీ సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ ఒకే దేనారం. సునాబెడాలో ఏ కాంట్రాక్టరైనా ఇలా కూలి ఇచ్చి చూడమనండి. మర్నాడు అందరూ అయిదింటికే వస్తారు.

ఇద్దరు యజమానులకు ఎవడూ దాసుడిగా ఉండలేడట, దేవుణ్ణీ సిరినీ కలిపి కొలవలేమట. కొటియాను చూడకుండా అన్న మాట. పొట్టంగి వైపు ఆ ఇరవై పైచిలుకు ఊళ్లను ఆంధ్ర మావంటుంది, ఒడిశా మావంటుంది. 1968లోనే గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ ఎన్నో ఇళ్లలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. ఇంతకన్నా రుజువేం కావాలి? (వాళ్లు కడుపు కోసం పట్టుకున్నారని అంటారనుకోండి, అది వేరే సంగతి.) మా పెద్దలదీ అదే పద్ధతి. ఆదివారం ఒక కార్డు, సోమవారం నుంచి శనివారం దాకా ఇంకో కార్డు.

విశ్వాసం అంటే ఏమిటో చూడాలంటే కోతకాలపు పండుగకు రండి. ఆరాధన అవగానే చింతచెట్టు కింద బల్ల వేస్తారు. చోళ్లు, కందులు, మట్టి వదలని అల్లం, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు. వేలంపాట మొదలవుతుంది. నిరుడు ఓ ఆనపకాయ వంద దగ్గర బయల్దేరింది. బజార్లో దాని ధర ముప్పై. రైసుమిల్లు అన్నయ్య వెయ్యి అన్నాడు. కాంట్రాక్టరు అన్నయ్య చొక్కా చేతులు పైకి మడిచి, రెండు వేలన్నాడు. మిల్లు అన్నయ్య భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. మూడు వేలు! ఒకటోసారి, రెండోసారి... అయిదు వేల నూటపదహార్లకు పాట కొట్టేశారు. మైకులో పాడుకున్నాయన పేరు, వాళ్ల నాన్న పేరు, షాపు పేరు. ఆ కాయను ఆయన ఇంటికి పట్టుకెళ్లాడనుకున్నారా? మళ్లీ వేలానికే ఇచ్చేశాడు. మరోసారి పేరు చదివారు.

ఆ కాయ తెచ్చిన కొండవూరి ముసలమ్మ వెనక వరసలో కూర్చుని, తన కాయకు అంత విలువుందా అని నోరు తెరిచి చూస్తోంది. ఆ ఏడు ఆమె పాదుకు కాసింది అదొక్కటే. ఆమె పేరు ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది. ప్రభువు కానుకపెట్టె ఎదురుగా కూర్చుని, రెండు కాసులు వేసిన విధవరాలే అందరికన్నా ఎక్కువ వేసిందని తేల్చాడు. ఆ లెక్కన ఆడిట్ చేస్తే మా కోశాధికారి రాజీనామా చేయాలి.

మా వైపు సువార్త తెచ్చింది 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు. వాళ్ల మూలపురుషుడు లూథర్ గారు 1517 అక్టోబర్ 31న 95 వాదాలు రాసి బయటపెట్టాడు. అప్పట్లో పాపక్షమాపణ పత్రాలు అమ్మి, ఆ డబ్బుతో రోములో సెయింట్ పీటర్ చర్చి కడుతున్నారు. సొమ్ము వస్తోంది, గోడలు లేస్తున్నాయి, కొన్నవాడి చేతిలో కాగితముంది. మరి దాన్ని తప్పుపట్టిన ఈయన బాధేమిటో, ఏటా సంస్కరణ దినం జరుపుకుంటున్నా మాకు అంతుబట్టలేదు. ఆ రోజు కానుక మాత్రం బాగానే పడుతుంది.

కాబట్టి రక్షణకు ఏదో ఒక ధర కట్టండి, పేదలకు కావాలంటే రాయితీ ఇద్దాం. కనీసం ప్రభువు పక్కన సిలువ వేసిన దొంగ విషయమైనా తేల్చండి. బాప్తిస్మం లేదు, దశమభాగం లేదు. చివరి గడియలో నన్ను జ్ఞాపకం చేసుకోమని ఒక్క మాటన్నాడు, ఆ రోజే పరదైసు, అంటే స్వర్గం. మా దగ్గర చందా బకాయి ఉంటే సమాధుల తోటలో ఆరడుగుల చోటివ్వడానికే పెద్దలు రెండుసార్లు కూర్చుంటారు. అయినా పెద్దమనసుతో అతని పేరు పరిశీలనకు తీసుకున్నాం. సభ్యుడెవరైనా పూచీ సంతకం పెట్టాలన్నాం. పక్క సిలువ మీదాయన పెడతాడట. వడ్రంగి, సొంత ఇల్లు లేదు, చందా కట్టిన దాఖలా లేదు. రిజిస్టరంతా వెతికించాం, ఆయన పేరే లేదు.